స్కూల్ సైకాలజీ ప్రాక్టికల్స్: కిట్ బీరువాలో పెట్టి, ముందు నోటుపుస్తకం తెరిపించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కర్నూలులో ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడాది విద్యార్థులు తొమ్మిది మందికి స్కూల్ సైకాలజీ పేపరు, దాంతోపాటు బడుల్లో చేయించాల్సిన ప్రాక్టికల్స్ ఈ ఏడు మీకు అప్పగించారు. డిపార్ట్‌మెంటులో ఉన్నవి రెండు పాత టెస్ట్ కిట్లు, ఒక గది. మీరు చదివింది ఆర్గనైజేషనల్ సైకాలజీ, బడిలో పని చేసిన అనుభవం లేదు. ముందు ఏ టెస్టు నేర్పాలి, మనిషికి ఎన్ని కేసులు చేయించాలి, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి అని అడిగారు.

నేను కడపలో ఉంటాను. పద్దెనిమిదేళ్లుగా పీజీ పిల్లల్ని వెంటబెట్టుకుని బడులకు తిరుగుతున్నాను. కడప చుట్టుపక్కల కొన్నేళ్లు, ఆదోని వైపు కొన్నేళ్లు. మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు తోచిన వరుసలో చెబుతాను.

మొదటి ఆరు వారాలు ఏ టెస్టూ నేర్పకండి. కిట్లు బీరువాలో పెట్టి తాళం మీ దగ్గరే ఉంచుకోండి. విద్యార్థులు గొణుగుతారు. వేరే కాలేజీలో ఫ్రెండ్స్ అప్పుడే బినే-కామత్ తెలివి పరీక్ష అవగొట్టేశారని, మనం ఇంకా నోటుపుస్తకాలు తిరగేస్తున్నామని అంటారు. అననివ్వండి. కిట్ ముందే చేతికొస్తే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. విద్యార్థి బడికి పోతాడు, హెడ్మాస్టరు చూపించిన పిల్లాణ్ని ఒక మూల కూర్చోబెడతాడు, గంటలో టెస్టు చేస్తాడు, హాస్టల్‌కొచ్చి లెక్కలు వేసి రిపోర్టు రాస్తాడు. అందులో ఇలా ఉంటుంది: "ఐక్యూ 74. బోర్డర్‌లైన్ స్థాయి. రెమెడియల్ టీచింగ్ సూచించడమైనది." ఆ కాగితం అందుకున్న టీచరమ్మ రెండు తరగతుల్ని ఒకే గదిలో పెట్టుకుని ముప్పై ఎనిమిది మందికి చెబుతూ ఉంటుంది. 74తో ఆమె ఏం చేయాలి? ఫైల్లో పెడుతుంది. అంతే.

అందుకే విద్యార్థి పని ఎలా ఉందో చూడటానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. అతను రాసింది చదివాక ఆ టీచరు సోమవారం పొద్దున తరగతిలో ఏదైనా ఒక్కటి వేరేగా చేయగలిగిందా? మార్కులు కూడా దీన్నిబట్టే వేస్తాను. రిపోర్టు ఇచ్చిన ఆరు వారాలకు టీచరుకు ఫోన్ చేసి "ఆ కాగితంలో ఉన్నవాటిలో ఏం చేశారు?" అని అడుగుతాను. "ఏ కాగితం మేడమ్?" అన్నారంటే ఆ విద్యార్థికి మార్కులు తగ్గుతాయి. మొదట్లో విద్యార్థులు ఇది అన్యాయమని కొట్లాడతారు. రెండో రిపోర్టు నుంచి భాష మారిపోతుంది.

ఇది నా సొంత తిక్క కాదు, ఈ సబ్జెక్టు పుట్టిందే అలా. 1896లో ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ సైకలాజికల్ క్లినిక్ మొదలుపెట్టినప్పుడు వచ్చిన మొదటి కేసు ఒక బడి టీచరమ్మ తెచ్చింది. పద్నాలుగేళ్ల అబ్బాయి, మిగతావి బాగానే వస్తాయి, స్పెల్లింగ్ మాత్రం రాదు. అప్పటికి బినే పరీక్షే లేదు, అది 1905లో వచ్చింది. విట్మర్ పరిశీలిస్తే పిల్లాడి కంటిచూపులోనూ లోపం బయటపడింది. ముందు కళ్లద్దాలు, తర్వాత చదువు. మన దగ్గరా ఏ కేసైనా మొదటి ప్రశ్న చూపు, వినికిడి గురించే ఉండాలి. ఆర్‌బీఎస్‌కే టీము, అంటే బడి పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ బృందం, బడికొచ్చి చూసిందా, ఏం రాసింది, అద్దాలు ఇస్తే పెట్టుకుంటున్నాడా అన్నది రాయకుండా రిపోర్టు నా టేబుల్ మీదికి తేవొద్దని చెబుతాను. అద్దాలు ట్రంకుపెట్టెలో ఉన్న పిల్లలు ఎందరో.

ఇక ఆరు వారాల్లో ఏం చేయించాలి? నోటుపుస్తకాలు చదివించండి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ సిలబస్‌లోనూ లేదు.

ఆదోని దగ్గర ఒక ఊరి బడిలో నాలుగో తరగతి పిల్లాడు. నా విద్యార్థిని అతనికి లెర్నింగ్ డిజెబిలిటీ (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని లోపం) అని దాదాపు తేల్చేసింది. ఎందుకమ్మా అంటే, బోర్డు మీదిది ముత్యాల్లా ఎక్కించుకుంటాడు మేడమ్, డిక్టేషన్ ఇస్తే మాత్రం అన్నీ తప్పులే అంది. పుస్తకం తెమ్మన్నాను. ఇద్దరం నేలమీద కూర్చుని తప్పులన్నీ ఒక తెల్ల కాగితం మీద ఎత్తి రాసుకున్నాం. "అమ్మ" అన్నచోట "అమ". "పుస్తకం" అన్నచోట "పుసకం". "కష్టం" "కషం" అయింది, "పిల్లలు" "పిలలు" అయింది. గుణింతాలు చూస్తే ఎక్కడా తప్పు లేదు. కొమ్ములు, దీర్ఘాలు అన్నీ ఉన్నాయి. ఒక్క ఒత్తు మాత్రం ఎక్కడా లేదు. తికమకగా రాయడం కాదు, అసలు రాయడమే లేదు.

డిజెబిలిటీ ఉన్న పిల్లల తప్పులు ఇంత పద్ధతిగా ఉండటం నేను తక్కువగా చూశాను. పోయి రెండో తరగతి హాజరు పట్టీ అడగమన్నాను. ఆ అమ్మాయి పాత రిజిస్టరు వెతికించుకుని చూసింది. జూన్ నుంచి నవంబరు దాకా పిల్లాడు దాదాపు రోజూ వచ్చాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా గీత. టీచరును అడిగితే ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"వాడు సుగ్గికి పోతాడు కదమ్మా. వాళ్లమ్మా నాయనా గుంటూరు పక్కకి మిరపకాయలు కోసేదానికి పోతారు. ఉగాదికి గానీ రారు."

ఒత్తులు ఎప్పుడు చెప్పారండీ అంటే, సంక్రాంతి సెలవుల తర్వాత అంది. అదీ సంగతి. ఒత్తులు చెప్పిన నెలల్లో పిల్లాడు మిరపచేలో ఉన్నాడు. మూడో తరగతిలోనూ అదే కథ. పిల్లాడి బుర్రలో లోపం లేదు. ఒక పాఠం రెండేళ్లు వరసగా తప్పిపోయింది, అంతే. ఈ సంగతి ఏ కిట్టూ చెప్పదు. ఆ రోజు టెస్టు చేసి ఉంటే వచ్చిన అంకె అతని పేరు పక్కన పడి, బడి వదిలేదాకా వెంట తిరిగేది.

ఆ అమ్మాయి మొదటి డ్రాఫ్టులో "ఫొనలాజికల్ ప్రాసెసింగ్‌లో లోపాలు కనిపించుచున్నవి" అని ఉంది, అంటే మాటలోని శబ్దాల్ని పట్టుకోవడంలో లోపమని. నాలుగుసార్లు తిరిగి రాయించాను. చివరికి ఒక పేజీ అయింది. ప్రార్థన అయ్యాక రోజూ పది నిమిషాలు, రోజుకు ఒక్క ఒత్తు, ఐదు పదాలు. మొదట ద్విత్వాలు: అక్క, అన్న, అమ్మ, నాన్న, పిల్ల. ఇంట్లో నోటితో రోజూ అనే మాటలు కాబట్టి చెవికి తెలుసు, చేతికి నేర్పితే చాలు. గ, చ, డ, ద లాంటివాటి ఒత్తులు తలకట్టు తీసి కింద చిన్నగా రాసినట్టే ఉంటాయి కాబట్టి త్వరగా పట్టుబడతాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అక్షరంతో పోలికే ఉండదు, వాటికి ఎక్కువ రోజులు పెట్టుకోవాలి. సంయుక్తాలు ఆ తర్వాత. ఐదో తరగతి అమ్మాయి ఒకామె పక్కన కూర్చుని చెప్పించేలా ఏర్పాటు. ఆ పేజీని టీచరమ్మ అట్ట మీద అతికించి గోడకు తగిలించింది. ఆ ఒక్కడికే కాదు, సుగ్గికి పోయొచ్చిన మరో ఆరుగురికీ పనికొచ్చింది.

ఇలాంటిది నేర్పాలంటే మీ విద్యార్థులకు తెలుగు రాత ఎలా పని చేస్తుందో తెలియాలి. వాళ్లు చదివే డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ఇబ్బంది) పుస్తకాలన్నీ ఇంగ్లీషు గురించి రాసినవి. బి, డి తిరగేసి రాయడం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. తెలుగులో పిల్లలు తడబడేది ప, ష, ఫ దగ్గర, మ, య దగ్గర, ద, ధ, థ దగ్గర, హ్రస్వ దీర్ఘాల దగ్గర, ఒత్తుల దగ్గర. గుర్తుల సంఖ్యే ఎక్కువ కాబట్టి మామూలు పిల్లలకు కూడా అన్నీ పట్టుబడటానికి కొన్నేళ్లు పడుతుంది. అందుకే మొదటి నెలలో ప్రతి విద్యార్థీ ఒకే తరగతికి చెందిన ఇరవై మంది నోటుపుస్తకాల్లో తప్పులు ఎత్తి రాయాలి. బాగా చదివేవాళ్లవి కూడా. మామూలు పిల్లాడు చేసే తప్పులేమిటో తెలియకపోతే తేడా ఎక్కడుందో ఎలా కనిపెడతాడు? దీనికి తోడు ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకం పట్టుకుని పిల్లాడు ఏ పేజీ చూస్తున్నాడో గమనించడమే ఒక పరిశీలన.

ఇంటి భాష సంగతి దీనికంటే పెద్దది. నా పొరపాటు ఒకటి చెబుతాను. కొత్తలో కడపలో ఒక బడిలో రెండో తరగతి అమ్మాయికి టెస్టు చేశాను. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. వెర్బల్ ప్రశ్నలన్నీ తెలుగులో అడిగాను. పిల్ల తల వంచుకుని కూర్చుంది, సగానికి జవాబే చెప్పలేదు. స్కోరు బాగా తక్కువొచ్చింది, అదే రాసిచ్చాను. బడివాళ్లు ఆ కాగితం చూపించి పిల్లను మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. మూడు నెలల తర్వాత వాళ్లమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె మాట్లాడుతుంటే ఈ పిల్ల మధ్యలో దూరి ఉర్దూలో కథలు కథలుగా చెబుతోంది, వాళ్లు వచ్చిన ఆటో నంబరుతో సహా. నాకు ఆ క్షణం ఎలా ఉండిందో ఇప్పటికీ గుర్తే. ఆ రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. కానీ పోయిన మూడు నెలలు పోయినవే. ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది, పేరు కొట్టేసి ప్రతి బ్యాచ్‌కూ చదివి వినిపిస్తాను.

మీ చుట్టూ చూస్తే కర్నూలు పాతబస్తీలో ఉర్దూ, ఆదోని, ఆలూరు సరిహద్దు ఊళ్లలో కన్నడం, తండాల్లో లంబాడీ భాష. తొమ్మిది మంది విద్యార్థుల్లో ఈ భాషలు ఎవరికి వచ్చో మొదటి రోజే రాసుకోండి. రాని భాషలో కేసు తీసుకుంటే పక్కన ఆ భాష వచ్చినవాళ్లు ఉండాలి. పిల్లాడి అక్కనో అన్ననో దుబాసీగా పెట్టొద్దు. వాళ్లు జవాబు కూడా అందించేస్తారు.

ఆరు వారాల తర్వాత కిట్లు తీయండి. ఇక్కడ త్వరగా చెప్పేస్తాను, ఇది మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. రెండు మూడు చాలు: తెలివి కొలవడానికి మాలిన్స్ స్కేలు గానీ బినే-కామత్ గానీ ఒకటి, మాటలు అక్కర్లేని బొమ్మల పరీక్ష రావెన్స్ కలర్డ్ మాట్రిసెస్, పిల్లాడు తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటాడో చూసే వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ. చదువు సమస్యలకు బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ల ఎస్ఎల్‌డీ (స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ) పరీక్షల కట్ట. ప్రతిదానికీ రెండు హెచ్చరికలు నేర్పండి. ఒకటి, బినే-కామత్, మాలిన్స్ స్కోర్లను పోల్చే ప్రమాణాలు అరవైల నాటివో అంతకు ముందువో, అంటే ఇప్పటి పిల్లల అవ్వాతాతల తరం మీద కట్టినవి. జేమ్స్ ఫ్లిన్ చూపించినట్టు అమెరికాలో పదేళ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున స్కోర్లు పెరుగుతూ వచ్చాయి. పాత కొలబద్దతో కొలిస్తే అంకె ఎక్కువ చూపించే అవకాశం ఉంది. రెండు, తెలుగు అనువాదం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. మీ తొమ్మిది మందీ ఒకే వాక్యాలు వాడేలా కూర్చుని రాసుకోండి. పల్లె పిల్లాడికి "సారూప్యం ఏమిటి?" అంటే అర్థం కాదు, "రెండూ ఎట్ల ఒకటే?" అంటే అవుతుంది. ఏ మాటలు వాడారో రిపోర్టులో రాయించండి.

ప్రాక్టీసు ఇంకో గొడవ. విద్యార్థులు ఇంటి ఓనరు కొడుకు మీదో, అక్క కూతురి మీదో చేసి నేర్చుకుంటారు, తప్పదు. కానీ ఆ స్కోరు ఎవరికీ చెప్పకూడదు. నా విద్యార్థి ఒకడు ఓనరమ్మ కాఫీ ఇచ్చిందన్న మొహమాటంతో "మీవాడికి 92 ఆంటీ" అని చెప్పేశాడు. ఆమె అది నూటికి తొంభై రెండు అనుకుని వీధంతా చెప్పుకుంది. వినడానికి నవ్వొస్తుంది గానీ, అదే 68 వచ్చి ఉంటే? ప్రాక్టీసు ఫారాల మీద పిల్లల పేర్లు కూడా రాయనివ్వకండి.

వీళ్లు ఏం చేయకూడదో కూడా స్పష్టంగా చెప్పండి. ఎమ్మెస్సీతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు, ఆ పేరుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. డిజెబిలిటీ సర్టిఫికెట్ మీ విద్యార్థులు ఇచ్చేది కాదు. అది సదరం (వైకల్యం నిర్ధారించే ప్రభుత్వ ఏర్పాటు) ద్వారా ప్రభుత్వ ఆసుపత్రిలో రావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ అందులో కొత్తగా చేరింది, 1995 చట్టంలో లేదు. దానికి 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ అన్నాయి, వాటి స్థానంలో 2024లో కొత్తవి వచ్చాయి. ఇవి తెలిస్తే విద్యార్థి తల్లిదండ్రులకు సరైన దారి చూపిస్తాడు: మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం ఎక్కడుంది, ఆ పిల్లలకు చెప్పే టీచరు (ఐఈఆర్‌పీ) ఎవరు, సదరం స్లాటు ఎలా బుక్ చేసుకోవాలి. రోజు కూలి పోగొట్టుకుని వచ్చే అమ్మకు ఈ మూడు సంగతులు మీ రిపోర్టు కంటే విలువైనవి. మీ విద్యార్థుల్ని ఒక రోజు సదరం క్యాంపు క్యూలో నిలబెట్టండి. పొద్దున ఏడుకు రమ్మనండి.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి. ఇది మాత్రం బడి గడప తొక్కకముందే చెప్పి తీరాలి. పిల్లలు వీళ్లకు రహస్యాలు చెబుతారు. ఇరవై రెండేళ్ల అక్క పక్కన కూర్చుని ప్రేమగా అడిగితే రెండో వారానికే చెప్పేస్తారు. ఎక్కువ మంది విద్యార్థులు చేసే మొదటి తప్పు "నేనెవరికీ చెప్పనులే, నాకు చెప్పు" అనడం. పోక్సో చట్టం, 2012 ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం కలిగినా పోలీసులకు తెలియజేయాల్సిందే. కౌన్సెలర్‌కు మినహాయింపు లేదు, ట్రైనీకీ లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కాబట్టి పిల్లలతో మొదటి మాటే ఇలా ఉండాలి: "నువ్వు చెప్పింది క్లాసులో ఎవరికీ చెప్పను. కానీ నీకు ఎవరైనా హాని చేస్తున్నా, నువ్వే నీకు హాని చేసుకుంటానన్నా, నిన్ను కాపాడగలిగిన పెద్దవాళ్లకు చెబుతాను." ఈ రెండు వాక్యాలు తొమ్మిది మందితో నోటికి వచ్చేదాకా చెప్పించండి. నేను పిల్లనై కూర్చుని "ఐతే నేను చెప్పను పో అక్కా" అంటాను. అప్పుడు ఏమంటారో చూస్తాను. బతిమాలినా, బుజ్జగించి లాగాలని చూసినా మళ్లీ మొదటి నుంచి.

పిల్ల చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాసుకోవాలి. తవ్వి తవ్వి అడగకూడదు, అది విచారణాధికారి పని. అదే రోజు మీకు ఫోన్ రావాలి, ఆపై అడుగు మీరు వెయ్యాలి. చైల్డ్‌లైన్ 1098 ప్రతి విద్యార్థి నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి. హెడ్మాస్టరు "మన ఊరి పరువు" అంటాడు, పెద్దమనుషులు వస్తారు. అక్కడ ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఒంటరిగా నిలబెట్టొద్దు.

చనిపోవాలనుంది అనే పిల్లల విషయమూ ఇంతే. టెన్త్, ఇంటర్ రిజల్ట్స్ వారాలు మన దగ్గర ఎలా గడుస్తాయో మీకు తెలుసు. "చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగడం నేర్పండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని విద్యార్థులు భయపడతారు. అలా జరగదు, చాలామంది పిల్లలు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటారు. అవునన్న పిల్లను ఒంటరిగా వదిలిపెట్టకుండా, మీకూ ఇంట్లోవాళ్లకూ కబురు చేసి, ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి చేర్చేదాకా విద్యార్థి పక్కనే ఉండాలి. టెలి మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. అంటే మీ తొమ్మిది మందికి వచ్చే ఏడే ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉద్యోగం రావచ్చు. అక్కడ పైన చూసుకునేవాళ్లెవరూ ఉండరు. ఇవన్నీ మీ దగ్గర నేర్చుకుంటే నేర్చుకున్నట్టు.

స్టాఫ్‌రూమ్ గురించి ఒక మాట. అక్కడ టీ తాగుతూ "ఏం చెప్పిందమ్మా ఆ పిల్ల? ఇంట్లో గొడవలా?" అని అడుగుతారు. చెడ్డ ఉద్దేశం ఉండదు, మామూలు కుతూహలం. పెద్దవాళ్లు అడిగితే చెప్పకపోవడం మన పిల్లలకు అలవాటు లేదు. దీనికీ రిహార్సల్ కావాలి. నా విద్యార్థి ఒకతను కనిపెట్టిన జవాబు నేనిప్పటికీ అందరికీ నేర్పుతున్నాను: "సార్, దాని సంగతి మా మేడమ్‌కే చెప్పాలని రూలు. అది సరే గానీ, ఆ అమ్మాయి లెక్కల్లో ఎట్లుంది సార్?" సార్‌కు చిన్నతనం లేదు, మాట తప్పించినట్టూ లేదు. నిజంగా కావలసిన ప్రశ్న కూడా అడిగేశాడు.

టీచరు పిల్లాణ్ని కొడుతుంటే చూశారనుకోండి, మొదటి వారంలోనే చూస్తారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అలాగని విద్యార్థి అందరి ముందు టీచరుకు చట్టం చెబితే ఆ బడి తలుపు మూసుకుంటుంది, దెబ్బలు ఆగవు. సాయంత్రం మీకు చెప్పాలి, మీరు హెడ్మాస్టరుతో మాట్లాడాలి. కానీ గాయం అయితే, లేదా ఒకే పిల్లాణ్ని పదేపదే కొడుతుంటే సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ప్రతి ఏడూ మా క్లాసులో గంటసేపు వాదన. ఆ గంట సిలబస్‌లోంచి కోసేయకండి.

కేసులెన్ని అన్నారు. అమెరికాలో స్కూల్ సైకాలజిస్టు కావాలంటే ఇంటర్న్‌షిప్పే కనీసం 1200 గంటలు, అందులో 600 బడిలోనే ఉండాలని వాళ్ల జాతీయ సంఘం నియమం. మన రెండు సెమిస్టర్లలో అది అసాధ్యం. నేను ఏడాదికి ఆరు కేసులు చేయిస్తాను, అందులో రెండు మొదటి నుంచి చివరిదాకా: చూడటం, ఇంటికెళ్లి మాట్లాడటం, కాగితం రాయడం, టీచరుతో కూర్చోవడం, ఆరు వారాలకు మళ్లీ వెళ్లడం. ఇరవై కేసులు చేసిన రికార్డు పుస్తకాలు చూశాను. చివరి పదిహేనులో పిల్లల పేర్లు తప్ప ఏమీ మారలేదు.

బడి కూడా ఒక్కటే ఉంచండి. వారానికో బడి తిప్పితే ఎక్స్‌పోజర్ వస్తుందంటారు. వచ్చేది బస్సు ప్రయాణం. ఇద్దరిద్దర్ని ఒక బడికి వేసి, వారానికి రెండు రోజులు, ఏడాదంతా అక్కడికే పంపండి. తొమ్మిదో మనిషిని ముగ్గురి జట్టులో కలపండి. మూడో నెలకు గానీ టీచర్లు నిజం చెప్పడం మొదలుపెట్టరు. డీఈఓ ఆఫీసు నుంచి అనుమతి, ఎంఈఓకు కాపీ, హెడ్మాస్టరుతో మీరే స్వయంగా మాట్లాడటం, ఈ మూడూ జూలై లోపల అయిపోవాలి. తల్లిదండ్రుల అంగీకార పత్రం తెలుగులో, ఒక పేజీలో ఉండాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఇక ఆ "అవగాహన సదస్సు", బ్యానరు, ముఖ్య అతిథి, గ్రూప్ ఫొటో. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్‌కు ఫొటో కావాలని ప్రిన్సిపాల్ గారు అడుగుతారు. ఒకటి చేసి ఫొటో ఇచ్చేయండి, దాన్ని ప్రాక్టికల్స్ గంటల్లో మాత్రం లెక్కేయకండి.

మీ సొంత సమయం గురించి. ప్రతి విద్యార్థికీ వారానికి అరగంట విడిగా కావాలి, అందరితో కలిపి రెండు గంటలు. ఎవరికీ తీరిక ఉండదని తెలుసు, అయినా ఇది తగ్గిస్తే మిగతాదంతా వృథా. ఆ అరగంటలో "కేసు ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది మేడమ్" అంటారు. దాని బదులు, తల్లి అనుమతితో పిల్లాడితో మాట్లాడిన మొదటి ఐదు నిమిషాలు రికార్డు చేసి తెమ్మనండి. ఇద్దరూ కలిసి వినండి. ఒకసారి అలా వింటుంటే నా విద్యార్థి ఐదు నిమిషాల్లో పదకొండు సార్లు "ఎందుకు" అన్నాడు. ఎందుకు రాలేదు, ఎందుకు రాయలేదు, ఎందుకు మాట్లాడవు. పిల్లాడి గొంతు ప్రతి "ఎందుకు"కీ చిన్నదవుతూ వచ్చింది. నేనేమీ అనలేదు. రికార్డు అయ్యాక అతనే "మేడమ్, పోలీసోడి మాదిరి ఉన్నా" అన్నాడు. మరుసటి వారం "నిన్న బడి వదిలినాక ఏం చేసినావు?" అని మొదలుపెట్టాడు, పిల్లాడు గొర్రెల గురించి పావుగంట చెప్పాడు.

మీకు బడి అనుభవం లేదన్నారు. మొదటి నెల మీరు కూడా విద్యార్థులతో పాటు వెనక బెంచీలో కూర్చోండి, మీ నోట్సు కూడా వాళ్లకు చదివి వినిపించండి. మీ తప్పులు వాళ్లు చూస్తే వాళ్లవి దాచరు.

చివరగా క్యాలెండరు. మీ కాలేజీ అల్మనాక్ ప్రకారం ప్రాక్టికల్స్ జనవరిలో మొదలవుతాయేమో చూసుకోండి. పడమటి మండలాల బడులు తీసుకునేటట్టయితే అది పనికిరాదు. దీపావళి దాటితే లారీలు, ఆటోలు కట్టుకుని ఊళ్లకు ఊళ్లే సుగ్గికి కదులుతాయి. కొందరు పిల్లలు సీజనల్ హాస్టల్లో ఉంటారు, చాలామంది ఉండరు. ఆ ఊళ్ల కేసులు ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టుకుని, కర్నూలు టౌను బడుల్ని తర్వాతకు ఉంచండి. ఆరు వారాల తర్వాత తిరిగి చూడాల్సినవి మాత్రం దసరా సెలవులు మధ్యలో పడకుండా ముందే లెక్క వేసుకోండి.